ఎనిమిది రోజులు, ఎనిమిది షాట్లు

మాది గోదావరిఖని. పద్నాలుగేళ్ళుగా బ్లాస్టింగ్ పని చేస్తున్నాను, ఎక్కువగా ఓపెన్ కాస్ట్ బాయిల మీద, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గనుల మీద, ఓబీ కాంట్రాక్టుల్లో. ఓబీ అంటే బొగ్గు పైన కప్పుకుని ఉండే మట్టీ రాయీ. అక్కడ మందు, అంటే పేలుడు పదార్థం, ట్యాంకర్‌లో వస్తుంది, బోరుబావుల్లాంటి రంధ్రాల్లోకి పైపుతో పోస్తాం, లెక్కంతా టన్నుల్లోనే. ఒక్క షాట్‌కి, అంటే ఒక్కసారి పేలిస్తే, ఎకరాల కొద్దీ నేల లేచి కూర్చుంటుంది.

జూన్ మొదట్లో హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. పుప్పాలగూడ దగ్గర అపార్ట్‌మెంట్‌కి సెల్లార్ తవ్వుతుంటే బండ తగిలిందట. బ్రేకర్ మిషన్లు రెండు నెలలుగా కొడుతున్నా తెమలడం లేదట. వారం రోజులు వచ్చి పొమ్మన్నారు. "చిన్న పనే అన్నా" అన్నాడు సూపర్‌వైజర్. మా వృత్తిలో ఆ మాట వింటే నాకు భయం.

మొదటి రోజు, మంగళవారం

రామగుండంలో రైలెక్కాను. సంచీలో రెండు జతల బట్టలు, టేపు, హెల్మెట్, సర్టిఫికెట్ల ఫైలు. పక్కన కూర్చున్న పెద్దాయన "ఏం పని బిడ్డా?" అని అడిగితే బండలు పేల్చే పని అన్నాను. ఆయన కాళ్ళు దగ్గరికి లాక్కుని నా సంచీ వైపు చూశాడు. మందు రైల్లో తేకూడదు, తేవడం నేరం, ఇందులో ఉన్నది మా ఆవిడ కట్టిన చపాతీలు అని చెప్తే గానీ కుదుటపడలేదు. తర్వాత ఆ చపాతీల్లో రెండు ఆయనే తిన్నాడు.

కాజీపేట దాకా నేను నిద్రపోతాను, ఎప్పుడూ అంతే. జనగామ, ఆలేరు దాటాక మాత్రం కిటికీ వదలను. అక్కడి నుంచి రాళ్ళు మొదలవుతాయి. రాయగిరి స్టేషన్ వస్తే హుస్సేన్ సాగర్ బుద్ధుడు గుర్తొస్తాడు. ఆ విగ్రహం రాయి ఈ ఊరి గుట్టదే. 1990లో పడవ మీద సాగర్ మధ్యకి తీసుకెళ్తుంటే నీళ్ళలో పడిపోయి, మనుషుల ప్రాణాలు తీసి, రెండేళ్ళు అడుగునే ఉండి, 1992లో లేచి నిలబడింది. 58 అడుగుల పొడవున ఎక్కడా పగులు లేని రాయి! అలాంటి రాయి కావాలంటే నాలాంటివాణ్ణి ఆ గుట్ట చుట్టుపక్కలకి రానివ్వకూడదు. తర్వాత భువనగిరి, కోట మొత్తం ఒకే బండ మీద. ఆ తర్వాత మౌలాలి గుట్ట. సికింద్రాబాద్‌లో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది.

మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా వెళ్ళాను. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దాటాక అద్దాల మేడల సందుల్లో అక్కడక్కడా గుండ్లు కనిపిస్తాయి, ఒకదాని మీద ఒకటి, ఎవరో పిల్లలు ఆడుకుని వదిలేసినట్టు. ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. పగుళ్ళ వెంబడి నీళ్ళు దిగి, రాయి మూలలు అరిగి గుండ్రంగా అయ్యి, మధ్యలో మెత్తబడ్డ భాగం వానలకు కొట్టుకుపోతే ఇలా గుండు మీద గుండు మిగిలింది. పైకి కనిపించేది ఇలా అరిగిన గుండు. కింద, సెల్లార్ లోతులో ఉండేది అరగని బండ. నా పని దానితో.

సైట్‌కి వెళ్ళేసరికి సాయంత్రం ఆరు. నలభై అడుగుల గొయ్యి. ఉత్తరం మూల ఏనుగు పడుకున్నట్టు నల్లగా, గులాబీ చారలతో బండ. దాని వీపు మీద బ్రేకర్ సూది కొట్టిన తెల్లటి గాట్లు, అంతే. గట్టు మీద నుంచి టేపు పట్టాను. బండ అంచు నుంచి పక్క అపార్ట్‌మెంట్ గోడకి 14 మీటర్లు.

ఇదా చిన్న పని!

రెండో రోజు, బుధవారం

పొద్దుటి పూటంతా కాగితాలు. బాయి మీద పనిచేసేవాడికి ధన్‌బాద్‌లో ఉండే గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్ సర్టిఫికెట్ కావాలి. గని కాని చోట, ఇలా ఊళ్ళో పునాది గోతిలో పేల్చాలంటే పెసో, అంటే పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ వాళ్ళ షాట్‌ఫైరర్ పర్మిట్ కావాలి. వాళ్ళ హెడ్డాఫీసు నాగపూర్. చట్టం 1884 నాటిది, ఇప్పుడు నడుస్తున్న రూల్స్ 2008వి. నా దగ్గర రెండూ ఉన్నాయి. ఒక్కటే ఉండి రెండో పని చేసేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ గురించి ఇక్కడ రాయను. వీటికి తోడు పోలీసుల అనుమతి. అందులో ఏ రోజుల్లో, ఏ వేళల్లో కొట్టాలో ఉంటుంది. మందు సైట్‌లో దాచకూడదు. లైసెన్స్ ఉన్న సప్లయర్ వ్యాన్ పొద్దున తెస్తుంది, మిగిలింది లెక్కపెట్టి సాయంత్రం తీసుకెళ్తుంది.

మధ్యాహ్నం అసలు పని మొదలైంది. చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి, గోడల మీద ఇప్పటికే ఉన్న పగుళ్ళు ఫొటోలు తీసుకోవడం. షాట్ కొట్టక ముందు ఇది చేయకపోతే, కొట్టిన తర్వాత ఆ కాలనీలో ప్రతి పగులూ నాదే అవుతుంది. బాయి మీద ఈ అవసరం ఇంత ఉండేది కాదు. ఇక్కడ నాలుగు అంతస్తులు ఎక్కి దిగాను.

మూడో అంతస్తులో ఒక అమ్మ. అరవై దాటి ఉంటాయి. తలుపు తీయగానే "మీరేనా ఆ బాంబులాయన?" అంది. బాంబు కాదమ్మా, బ్లాస్టింగ్ అంటే "రెండూ పేలేవే కదా నాయనా" అంది. దానికి జవాబు నాకు ఇప్పటికీ తట్టలేదు. మజ్జిగ ఇచ్చి ఇల్లంతా తిప్పి చూపించింది. హాల్లో కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒకటి, వంటింట్లో స్లాబు కింద ఒకటి, బాత్రూంలో టైల్ విరిగింది. "ఇది మీరు రాకముందుదే. కానీ రాసుకో, మళ్ళీ నేను అబద్ధం చెప్పాననకూడదు" అని ప్రతిదానికీ అంటోంది. రెండు పగుళ్ళ మీద చిన్న గాజు పలకలు అతికించాను. గోడ కదిలితే ముందు ఆ గాజు విరుగుతుంది.

"ఎంత ఊగుద్ది నాయనా ఇల్లు?" అని అడిగింది చివరికి.

చెప్పడానికి ప్రయత్నించాను. నేల ఊగే వేగాన్ని సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లు అని కొలుస్తాం. ఇళ్ళకి డీజీఎంఎస్ పెట్టిన హద్దు, ఊపు నెమ్మదిగా ఉంటే, అంటే సెకనుకు 8 సార్ల లోపు ఊగితే 5 మిల్లీమీటర్లు. 8 నుంచి 25 సార్లయితే 10. అంతకంటే వేగంగా ఊగితే 15. వేగంగా ఊగితే ఎక్కువ దాకా ఒప్పుకోవడం ఏమిటని అడుగుతారు అందరూ. ఉయ్యాలని దాని ఊపుకి సరిగ్గా కలిసేలా తోస్తే చిన్న చెయ్యే చాలు, ఆకాశానికి పోతుంది. గజిబిజిగా తోస్తే ఎంత బలం పెట్టినా అక్కడే కొట్టుకుంటుంది. ఇల్లు కూడా నెమ్మదిగా ఊగే ఉయ్యాలే. ఆమె అంతా విని "అయితే నువ్వు గజిబిజిగా తోస్తావన్నమాట" అంది. మా ట్రైనింగ్‌లో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

మూడో రోజు, గురువారం

డ్రిల్లింగ్. కంప్రెషర్ బండి, రెండు జాక్ హ్యామర్లు, పాలమూరు నుంచి వచ్చిన వడ్డెర కుర్రాళ్ళు నలుగురు. వాళ్ళతో పాటు ఒక తాత. ఆయన పని చేయడు, మనవడి దగ్గరికి వచ్చాడు, ఊరికే కూర్చుంటాడు. నేను సున్నంతో రంధ్రాల గుర్తులు పెడుతుంటే చూస్తున్నాడు. కాసేపటికి చుట్ట పక్కన పెట్టి దిగి వచ్చాడు. చేతిలో చిన్న సుత్తి.

బండ మీద మూరెడు మూరెడు దూరంలో కొట్టుకుంటూ నడిచాడు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. ఖంగు, ఖంగు, ఖంగు. నా మూడో వరుస గుర్తుల దగ్గర చప్పుడు మారింది. మొద్దుగా, నీళ్ళ కుండ మీద కొట్టినట్టు. మళ్ళీ వెనక్కి వచ్చి కొట్టాడు. వంగి, అరచేతిని రాయి మీద పెట్టి రెండో చేత్తో కొట్టాడు. "గీడ పెట్టకు బిడ్డా. లోపల నెర్రె ఉన్నది. గాలి గటు ఎల్తది" అని అపార్ట్‌మెంట్ వైపు చూపించాడు.

పైన చూస్తే ఏమీ లేదు. బకెట్‌తో నీళ్ళు పోయించాను. రాయి ఎండుతుంటే చూడాలి, పగులు ఉన్నచోట తడి ఆలస్యంగా ఆరుతుంది. రెండు నిమిషాలకు సన్నటి నల్ల గీత తేలింది, దారం పరిచినట్టు, నేరుగా ఉత్తరం గోడ వైపు.

బ్లాస్టింగ్‌లో రాయిని విరగ్గొట్టేది పేలుడు దెబ్బ ఒక్కటే కాదు. వెనకాలే పుట్టుకొచ్చే వాయువులు పగుళ్ళలో దూరి రాయిని నెడతాయి. అవి తేలిక దారి దొరికితే అటే పోతాయి, పోతూ రాళ్ళను విసురుతాయి. ఎగిరిపడే రాయి, మేం ఫ్లై రాక్ అంటాం, మనుషుల్ని చంపేది ఎక్కువగా ఇదే. ఆ గీత మీద మందు పెట్టి ఉంటే మజ్జిగ ఇచ్చిన అమ్మ వంటింటి కిటికీకి నేరుగా గురిపెట్టినట్టే. ఆ వరుస మొత్తం చెరిపేసి, గీతకు ఇవతల మళ్ళీ గుర్తులు పెట్టాను. తాతకు సుత్తి, ఉలి, చీలలు తప్ప ఏ పరికరమూ తెలియదు. వాళ్ళ నాన్న కాలంలో బండ మీద కట్టెలు పేర్చి రాత్రంతా మండబెట్టి, పొరలు పొరలుగా లేపేవాళ్ళట.

మూడింటికి వ్యాన్ వచ్చింది, అదే సమయానికి పడమట మబ్బు కూడా వచ్చింది. మందుని అంటించే కరెంటు డిటోనేటర్లు 2025 ఏప్రిల్ నుంచి దేశంలో నిషేధం. ఇప్పుడు వాడేది నోనెల్, అంటే సన్నటి ప్లాస్టిక్ ట్యూబు, లోపల పూసిన పొడి వెంట మంట సెకనుకు సుమారు రెండు కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. సెల్‌ఫోన్లు, కరెంటు తీగలు దాన్ని ఏమీ చేయలేవు. పిడుగు మాత్రం దేన్నయినా చేస్తుంది. మెరుపు కనిపించిందంటే మందు ముట్టుకోకూడదు. వ్యాన్‌ని వెనక్కి పంపించేశాను. సూపర్‌వైజర్ మొహం మాడింది. "చినుకు కూడా పడలే కదన్నా" అన్నాడు. అతని మాట నిజమే, ఆ రోజు చినుకు పడలేదు.

నాలుగో రోజు, శుక్రవారం

పదింటికి వ్యాన్. డ్రైవర్ కూకట్‌పల్లి వాడు. వాళ్ళ నాన్న ఐడీఎల్‌లో పనిచేశాడట. కూకట్‌పల్లిలో ఐడీఎల్ చెరువు అందరికీ తెలుసు, బతుకమ్మలు కూడా వేస్తారు. ఆ మూడక్షరాలు ఇండియన్ డిటోనేటర్స్ లిమిటెడ్ అని ఎంతమందికి తెలుసో! 1961లో పెట్టిన కంపెనీ. అప్పట్లో అది ఊరి బయట. ఈ ఊరికి మందుతో బంధుత్వం పాతదే.

పెట్టె తెరిచి, నంబర్లు చూసి, లెక్కపెట్టి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. ఇక ఇక్కడి నుంచి గోతిలో నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ మాత్రమే. ఫోన్లు పైన బుట్టలో. బీడీ, అగ్గిపెట్టె కూడా. కూరే కర్ర చెక్కదే ఉండాలి, ఇనుము తగలకూడదు. నాకు నేర్పినాయన ముప్పై ఏళ్ళు వాడిన టేకు కర్ర నా దగ్గర ఉంది, కానీ రైల్లో తేలేక ఇక్కడ కొత్తది చెక్కించాను. చేతికి అలవాటు లేక రోజంతా చిరాకు పెట్టింది.

మందు పైన మట్టి కూరడం అనేది చూసేవాళ్ళకు పనిలా కనిపించదు. సీసాకి బిరడా లాంటిది అది. బిరడా వదులైతే బలమంతా పైకే పోతుంది, రాయి విరగదు, చప్పుడు మాత్రం ఊరంతా వినిపిస్తుంది. కుర్రాడు తొందరగా నింపేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. కొంచెం మట్టి, కొంచెం కూరడం, మళ్ళీ కొంచెం మట్టి.

తర్వాత కప్పడం. ముందు ఇనుప వల, దాని మీద పాత కన్వేయర్ బెల్టు ముక్కలు, దాని మీద ఇసుక బస్తాలు. ఇది మోయడానికే రెండు గంటలు పట్టింది. బాయి మీద నేనెప్పుడూ ఏదీ కప్పలేదు, దూరం ఉంటే చాలు. ఇక్కడ దూరం ఎక్కడి నుంచి తెస్తాను? రోడ్డుకి రెండు వైపులా ఎర్ర జెండాలు, ఈలలు. పానీపూరీ బండివాడు కదలనన్నాడు. కానిస్టేబుల్ వెళ్ళి మాట్లాడాడు. మాట్లాడుతూ ఒక ప్లేటు తిన్నాడు కూడా.

మూడు సైరన్లు. మీట నొక్కాను.

దుప్పటి కింద ఎవరో దగ్గినట్టు శబ్దం. బస్తాలు జానెడు లేచి కూర్చున్నాయి. రంధ్రాలన్నీ ఒకేసారి పేలవు, ఒకదాని తర్వాత ఒకటి సెకనులో వెయ్యో వంతుల తేడాతో, 25, 42 అలా. చెవికి ఒకటే చప్పుడు, నేలకు మాత్రం ఎన్నో చిన్న చిన్న తోపులు. ఆ అమ్మ చెప్పిన గజిబిజి అదే.

రెండో షాట్ దగ్గర తప్పు జరిగింది. చప్పుడు తక్కువైంది అనిపించింది. ఇది ఎలా తెలుస్తుందంటే చెప్పలేను, పిల్లవాడు మామూలు కంటే నెమ్మదిగా ఏడిస్తే తల్లికి తెలిసినట్టు. ఎవరినీ దిగనివ్వలేదు. అరగంట వాచీ చూస్తూ గట్టు మీదే నిలబడ్డాను. తర్వాత ఒక్కణ్ణే దిగి, బెల్టులు ఒక్కొక్కటీ తీసి చూస్తే, మూలన ఒక ట్యూబు రంగు మారకుండా శుభ్రంగా ఉంది. పేలలేదు. ట్యూబుల్ని కలిపే క్లిప్పులో సరిగ్గా కూర్చోలేదు. కుర్రాడు పెట్టాడు, నేను చూశాను. అంటే తప్పు నాదే. చివరిసారి చూసి సరే అన్నవాడిదే తప్పు, మా పనిలో ఇంకో లెక్క లేదు.

పేలని దాన్ని లాగి చూద్దాం అనుకున్నవాళ్ళ చేతులు పోయాయి. అలాంటివాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. దాన్ని తాకకుండా, అడుగు దూరం పైన దానికి సమాంతరంగా కొత్త రంధ్రం వేయించి, దాన్ని పేల్చి, పాతదాన్ని కూడా అందులోనే పోగొట్టాలి. అది మూడో షాట్. ఆ తర్వాత మట్టి గుట్టలో చేతులతో వెతికి ముక్కలు లెక్క చూసుకునేసరికి చీకటి పడింది. రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ "గొంతు అట్లుందేంది?" అంది. దుమ్ము అని చెప్పాను.

ఐదో రోజు, శనివారం

రెండు షాట్లు. రెండూ బాగా వెళ్ళాయి, చెప్పుకోవడానికి ఏమీ లేదు. అడ్వాన్స్ శనివారం ఇస్తామన్న కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తలేదు. ఇది కూడా చెప్పుకునేంత కొత్త విషయం కాదు.

గోడకు మరీ దగ్గరున్న ముక్క మందుతో పనికాదని తేల్చేశాను. దానికి రంధ్రాలు వేసి ఉబ్బే సిమెంటు కలిపి పోయించాం. రాత్రంతా అది మెల్లగా ఉబ్బి రాయిని చీలుస్తుంది. చప్పుడు లేదు, దుమ్ము లేదు, అనుమతి తలనొప్పి కూడా పెద్దగా లేదు. ఖర్చెక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. ఊళ్ళో ముందు ముందు ఇదే నడుస్తుందనుకుంటాను. నడిస్తే నాకు పని తగ్గుతుంది, అయినా నడవాలనే ఉంది.

ఆరో రోజు, ఆదివారం

సెలవు. కుర్రాళ్ళలో చిన్నవాడు గోల్కొండ చూడలేదన్నాడు. పుప్పాలగూడ నుంచి ఆటోలో దగ్గరే.

అందరూ గుమ్మం దగ్గర చప్పట్లు కొట్టి, పైన వినపడిందా అని అరుస్తుంటారు. వాడు కూడా కొట్టాడు. నేను గోడల కింది రాళ్ళు చూస్తూ నిలబడ్డాను. సున్నం పూతకు కూడా పని లేనంత బిగువుగా అమర్చిన పెద్ద పెద్ద గ్రానైట్ దిమ్మెలు. కొన్నిచోట్ల గుట్టమీద సహజంగా ఉన్న గుండునే గోడలో కలిపేసుకున్నారు. తీసేయడం కంటే కలుపుకోవడం తేలికని వాళ్ళకు తెలుసు.

మెట్ల మధ్యలో కూర్చుని వాడికి ముట్టడి కథ చెప్పాను. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ఈ కోట బయటే ఉంది. గోడలు లొంగకపోతే కిందికి సొరంగాలు తవ్వి మందు కూరారు. అది మన పనే, అదే లెక్క, అదే బిరడా. కానీ లోపలివాళ్ళు పసిగట్టారు. వాళ్ళ వైపు నుంచి తవ్వుకుంటూ వచ్చి మందు తీసేసి, నీళ్ళు పోసేశారు. జూన్‌లో మొగలులు వత్తి అంటించారు. మందు మిగిలిన బయటి వైపే పేలింది. రాళ్ళూ మట్టీ కోట మీద కాకుండా మొగలు సైన్యం మీదే పడ్డాయి. వందల మంది పోయారు. చివరికి సెప్టెంబర్‌లో కోట పడింది మందుతో కాదు, లోపలివాడొకడు తలుపు తీస్తే.

కుర్రాడు చాలాసేపు ఆలోచించి "అన్నా, వాళ్ళు దూరం నిలబడలేదా?" అని అడిగాడు.

చరిత్ర చదివినవాళ్ళు ద్రోహం గురించి అడుగుతారు. వీడు దూరం గురించి అడిగాడు. పనికొస్తాడు.

వస్తూ ఖాజాగూడ గుట్టల పక్కన ఆటో ఆపించాను. సాయంత్రం ఎండకి గుండ్లు ఇటుక రంగులో ఉన్నాయి. కింద కొంతమంది తాళ్ళు కట్టి రాయి ఎక్కడం నేర్చుకుంటున్నారు. ఈ రాళ్ళను కాపాడాలని 1996 నుంచి ఇక్కడ ఒక సొసైటీ పనిచేస్తోంది. వాళ్ళు నన్ను చూస్తే ఏమంటారో ఊహించగలను. సెల్లార్ కావాలనేవాడిదీ తప్పు కాదు, గుండు ఉండాలనేవాళ్ళదీ తప్పు కాదని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నిజం చెప్పాలంటే, భూమి లోపలి బండని నేను బాధ లేకుండా పగలగొడతాను. పైన నిలబడ్డ గుండుని పేల్చమని ఒకసారి పిలిచారు, వెళ్ళలేదు. దానికి కారణం అడిగితే సరిగ్గా చెప్పలేను.

ఏడో రోజు, సోమవారం

మిగిలిన మూడు షాట్లు. చివరిది అన్నిటికంటే దగ్గర, అపార్ట్‌మెంట్ వైపు అంచు. కంపనాల మిషన్‌ని ఆ గోడ పునాది పక్కనే నేలలో గుచ్చిపెట్టాం. ఈసారి ప్రతి క్లిప్పూ కుర్రాడు చూశాక నేను చూశాను, నేను చూశాక మళ్ళీ వాడిచేత చూపించాను. తాత చూపించిన గీతకు ఇవతలే ఉన్నాం. ఆయన గట్టు మీద చుట్ట ఆర్పేసుకుని కూర్చున్నాడు, ఎవరూ చెప్పకుండానే.

నిజానికి నాకు టెన్షన్ మీట నొక్కేటప్పుడు ఉండదు. మూడో సైరన్‌కీ మీటకీ మధ్య ఉండే పది సెకన్లలో ఉంటుంది. ఆ పది సెకన్లూ ఎవరైనా సందులోంచి సైకిల్ మీద వస్తారేమో అని చూస్తూ ఉండాలి. ఆ రోజు ఒక కుక్క వచ్చింది. ఆపేశాను. తరిమి, మళ్ళీ మొదటి సైరన్ నుంచి మొదలుపెట్టాం.

పేలింది. బెల్టులు కూడా సరిగ్గా కదల్లేదు. దిగి, ట్యూబులన్నీ చూసుకుని ఆల్ క్లియర్ ఇచ్చాక మిషన్ చూశాం. 3.2 మిల్లీమీటర్లు, ఊపు 30 పైనే. బెల్టులు తీస్తే ఏనుగు వీపు మధ్యకు చీలి, ముక్కలు అక్కడికక్కడే కూర్చున్నాయి. తాత చూపించిన గీత ఆ చివర చెక్కు చెదరకుండా అలాగే ఉంది. ఆయన దాని మీద కాలు పెట్టి చూసి "మంచిగైంది" అని వెళ్ళిపోయాడు.

సామాన్లు సర్దుతుంటే మూడో అంతస్తు కిటికీలోంచి అమ్మ కేక. "నాయనా, ఇంకా ఎప్పుడు కొడతావు? పొద్దుట్నుంచి చెవుల్లో దూది పెట్టుకుని కూచున్నా!"

"అయిపోయిందమ్మా" అన్నాను.

"ఎప్పుడు?"

బాయి మీద నా షాట్ చూడ్డానికి ఆఫీసర్లు కార్లలో వచ్చేవాళ్ళు. చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ ఒక్క 'ఎప్పుడు' ముందు అవన్నీ నాకు తక్కువే అనిపించాయి. సాయంత్రం వ్యాన్ డ్రైవర్‌తో కలిసి మిగిలినవి లెక్కపెట్టి సంతకం చేశాను. వారంలో ఎనిమిది షాట్లు. అన్నీ కలిపితే పేలుడు సమయం మూడు సెకన్లు కూడా ఉండదు.

ఎనిమిదో రోజు, మంగళవారం

వెళ్ళేముందు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి పగుళ్ళు చూడాలి. ఫోన్‌లో పాత ఫొటోలు పెట్టుకుని ఒక్కొక్కటీ పోల్చుకుంటూ వెళ్ళాను. మూడో అంతస్తులో గాజు పలకలు రెండూ అలాగే ఉన్నాయి. ఊపిరి పీల్చుకునేలోపే అమ్మ హాల్లోంచి పిలిచింది.

"ఇది చూడు. ఇది మాత్రం నీదే."

సోఫా పైన గోడ మీద, మేకు నుంచి కిందికి మూరెడు పొడుగు పగులు. బుధవారం ఫొటోల్లో అది లేదు. ఒకటికి మూడుసార్లు చూశాను. చెమట పట్టింది. అదే గోడ ఫొటో ఇంకోటి తీసి, పెద్దది చేసి చూశాను. ఆ మేకుకి తిరుపతి వెంకన్న క్యాలెండర్ వేలాడుతోంది.

"అమ్మా, క్యాలెండర్ ఏమైంది?"

"అదా? నీ పేలుళ్ళకి పడిపోతుందని తీసి బీరువాలో పెట్టాను."

క్యాలెండర్ తెప్పించి అదే మేకుకి తగిలించాను. పగులు మొత్తం దాని వెనక్కి వెళ్ళిపోయింది. గోడ మీద ఏళ్ళ నాటి మసక చదరం కూడా సరిగ్గా సరిపోయింది, పగులు అంచుల్లో పాత సున్నం రంగు కూడా ఉంది. ఆమె దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, క్యాలెండర్ ఎత్తి ఒకసారి, దించి ఒకసారి చూసింది.

"అయితే ఇది కూడా రాసుకో, మా ఆయన కొట్టిన మేకుది" అని మజ్జిగకి లోపలికి వెళ్ళింది.